పన్ను సున్నా... పని సున్నా కాదు!

‘పన్నెండు లక్షల దాకా ట్యాక్స్ లేదట. ఇక మనకెందుకు ఆ గొడవ?’ ఆఫర్ లెటర్ చేతికొచ్చిన కుర్రాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. ఇందులో సగం నిజమే. మిగతా సగమే మీ జేబుకు చిల్లు పెడుతుంది.

ముందు నిజం సంగతి. కొత్త విధానంలో ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను పడదు. జీతగాళ్లకు రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే రూ.12.75 లక్షల దాకా ఊరటే. కానీ ఆదాయం రూ.4 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్ను వేయాల్సిందే. జీతగాళ్లకు గడువు జూలై 31. ఆ తర్వాత వేస్తే ఆదాయం రూ.5 లక్షల లోపుంటే రూ.1,000, మించితే రూ.5,000 లేటు ఫీజు.

మరి ఆదాయం రూ.4 లక్షల లోపే ఉంటే? అప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలంటాను. కొన్ని సంస్థలు ఫ్రెషర్లను మొదట కన్సల్టెంట్లుగా తీసుకుంటాయి. నెలకు రూ.30 వేల చొప్పున ఆర్నెల్లు పనిచేశారనుకోండి. మొత్తం రూ.1.80 లక్షలు. అది జీతం కాదు, వృత్తిపరమైన ఫీజు. కాబట్టి 10 శాతం టీడీఎస్, అంటే రూ.18 వేలు ముందే కోసేస్తారు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఆ ఏడాది వేరే ఆదాయం లేకపోతే మీరు కట్టాల్సింది సున్నా. అయినా ఆ రూ.18 వేలు వాటంతటవే తిరిగిరావు, రిటర్ను వేసి అడగాలి. ఇంట్లో వాళ్లు అప్పు చేసి చదివించిన పిల్లలకు అది చిన్న మొత్తమా?

ఫోన్‌లో షేర్లు కొని అమ్మేవాళ్లకు ఇంకో మాట. లిస్టెడ్ షేర్లను ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభంపై 20 శాతం పన్ను. రూ.12 లక్షల రిబేటు దానికి వర్తించదు. నష్టపోతే మాత్రం గడువులోగా రిటర్ను వేయండి. ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల పాటు ముందుకు తీసుకెళ్లొచ్చు. క్రిప్టో లాభంపై పన్ను 30 శాతం. అందులో నష్టాన్ని సర్దుబాటు చేసుకునే వీలే లేదు.

కాలేజీలకూ ఒక విన్నపం. రెజ్యుమె రాయడం, మాక్ ఇంటర్వ్యూలు నేర్పుతున్నారు. పే స్లిప్ చదవడం ఎవరు నేర్పాలి? జీతం రూ.20 వేలు దాటగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు రూ.200 వృత్తి పన్ను కోస్తారు. అది ఆదాయపు పన్ను కాదని కూడా చాలామందికి తెలియదు. ప్లేస్‌మెంట్ శిక్షణలో ఒక్క గంట దీనికి కేటాయిస్తే చాలు.

కామర్స్ విద్యార్థులైతే మరింత అప్రమత్తంగా ఉండాలి. 1961 నాటి చట్టం స్థానంలో 536 సెక్షన్లతో ఆదాయపు పన్ను చట్టం-2025 వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ‘అసెస్‌మెంట్ ఇయర్’ పోయి ‘ట్యాక్స్ ఇయర్’ వచ్చింది. పాత గైడు బట్టీపట్టి ఇంటర్వ్యూకి వెళ్తే తడబాటు తప్పదు.

ఈ వారమే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అవ్వండి. ఫారం 26ఏఎస్, ఏఐఎస్ తెరిచి మీ పేరిట ఎంత కోశారో చూడండి. రిటర్ను వేశాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయడం మరవొద్దు. అది చేయకపోతే వేసినా వేయనట్టే!