చుక్కల మందు ఆపకండి

హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్, వినాయక్‌నగర్, సైనిక్‌పురి ప్రాంతాల్లో రిటైరైన పెద్దలు చాలామందే ఉన్నారు. పిల్లలు ఎక్కడో ఉద్యోగాల్లో ఉంటారు. కంట్లో చుక్కలు ఎవరికి వారే వేసుకోవాలి. వీరిలో నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. సీసా అయిపోయిందనో, చూపు బాగానే ఉందనో, ఊరెళ్తున్నామనో చుక్కలు ఆపకండి.

ఈ జబ్బులో కంటి నరం దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు. చూపు ముందుగా పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి పేపరు చదవడానికి ఇబ్బంది ఉండదు, ఏదో జరుగుతోందన్న అనుమానమే రాదు. 1990ల్లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు హైదరాబాద్‌లో సర్వే చేస్తే, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నవారిలో నూటికి 90 మందికి పైగా తమకు జబ్బు ఉన్నట్టే తెలియదు. పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. చుక్కలు కంటిలోని ఒత్తిడిని తగ్గించి ఉన్న చూపును కాపాడతాయి, అంతే. చూపు పెరగదు. అందుకే ‘వేసినా తేడా ఏం లేదు’ అనుకుని మానేస్తారు. తేడా లేకపోవడమే మందు చేస్తున్న పని.

చుక్కే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కంట్లో వేసిన మందు సన్నని నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. గ్లాకోమాకు వాడే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ప్రాణం మీదికి తేగలవు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికీ ప్రమాదమే. ఆయాసం, గుండెజబ్బు, వాడుతున్న మాత్రలు ఇవన్నీ కంటి డాక్టరుకు చెప్పాల్సిందే. పక్కింటివారి సీసా అసలే వద్దు.

ఇంతకంటే భయపెట్టేది ఇంకోటి ఉంది. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకుని, హాయిగా ఉందని నెలల తరబడి వేసుకునేవాళ్లున్నారు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి కొందరిలో కొన్ని వారాల్లోనే ఒత్తిడిని పెంచి, లేని గ్లాకోమాను తెచ్చిపెడతాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మడమూ తప్పే, కొనడమూ తప్పే.

వేసుకునే తీరులోనూ మందు వృథా అవుతోంది. చేతులు కడుక్కుని, తల వెనక్కి వంచి, కింది రెప్పను కొంచెం లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయండి. అంతకుమించి కంట్లో నిలవదు, రెండోది చెంప మీదికి కారిపోతుంది. సీసా మొన రెప్పకు, వేలికి తగలకూడదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టుకుంటే మందు ముక్కులోకి జారదు. రెండో మందు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. చెవి చుక్కల సీసాలు కూడా ఇలాగే ఉంటాయి, ప్రతిసారీ పేరు చదివి చూసుకోండి. మూత తీసిన రోజే సీసా మీద తేదీ రాయండి. చాలా మందులను నెల దాటాక పారేయాలి. గ్లాకోమాకే వాడే లాటానోప్రాస్ట్‌ను సాధారణంగా మూత తీసేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి, మన మే ఎండల్లో కారులో వదిలేస్తే పనికిరాదు. కన్ను మండినా, ఎర్రబడినా మీరే ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు.

ఉన్నట్టుండి కంట్లో భరించలేని నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే అమ్మానాన్నలు డాక్టరును అడిగి సరిపడా మందు, దాంతోపాటు చీటీ పెట్టుకెళ్లాలి. అక్కడి డాక్టరు చీటీ లేనిదే అక్కడ ఇవి ఇవ్వరు. ఇక పిల్లలకో మాట. అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉంటే మీకూ రావచ్చు. నలభై దాటినవారు అద్దాల పరీక్షతో సరిపెట్టుకోకుండా కంటి ఒత్తిడి, నరం రెండూ చూపించుకోండి. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేకుంటే మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.