సీసా ఉచ్చు కట్టే ముందు ఏ ఈగో చూడండి

బాల్కనీలో నాలుగు ఈగలు జుమ్మని తిరిగితే చాలు, ఇంట్లో చిన్నపిల్లలున్న వారికి గుండె జారుతుంది. వెంటనే స్ప్రే డబ్బా వెతుకుతాం, లేదంటే ఎవరో చెప్పిన సీసా ఉచ్చు కడతాం. ఉచ్చు మంచిదే, ఖర్చూ లేదు. కానీ అది కందిరీగల కోసమే తప్ప తేనెటీగల కోసం కాదన్నది నా అభిప్రాయం.

తేడా పోల్చడం కష్టమేమీ కాదు. తేనెటీగ ఒంటి మీద సన్నని నూగు ఉంటుంది. కందిరీగ నున్నగా మెరుస్తుంది, నడుము సన్నగా ఉంటుంది. మామిడి తొక్కలు, మిఠాయిల చుట్టూ అదేపనిగా తిరిగేది కందిరీగ అయితే ఇలా చేయండి.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగాన్ని కోసి, మూత తీసేసి, గరాటులా తలకిందులుగా మిగతా సీసాలో దించండి. అంచులకు టేపు అంటించండి. లోపల గ్లాసు నీళ్లు, రెండు చెంచాల బెల్లం, రెండు చెంచాల వెనిగర్, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ పోయండి. తీపికి వచ్చిన కందిరీగకు బయటికి దారి దొరకదు. సబ్బు వల్ల నీటిపై తేలలేక మునిగిపోతుంది. వెనిగర్ వాసనకు తేనెటీగలు చాలావరకు దూరంగా ఉంటాయి. పిల్లలు ఆడుకునే చోటికి, తలుపులకు దూరంగా వేలాడదీయండి. మూడు నాలుగు రోజులకోసారి, లోపల కదలిక లేదని చూసుకున్నాకే, నీళ్లు మార్చండి. చెత్తబుట్టకు మూత లేకపోతే మాత్రం ఎన్ని ఉచ్చులు కట్టినా దండగే.

ఇక తేనెటీగల సంగతి. రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగి కింద రాలే పెద్ద ఈగలు చాలాసార్లు అవే. లైటు ఆర్పి కిటికీ మూస్తే సరిపోతుంది. సన్‌షేడ్ కింద తుట్టె కడితే అందులో వేల ఈగలుంటాయి. పది ఉచ్చులో పడితే ఒరిగేదేమీ లేదు. పొగ పెట్టడం, కాల్చడం అసలే వద్దు. ఒక ఈగ కుట్టినప్పుడు వెలువడే వాసన మిగతావాటినీ దాడికి పిలుస్తుంది. తుట్టెలు తీయడంలో అనుభవం ఉన్నవారిని పిలవండి. పైగా మనం తినే గుమ్మడి, దోస కాయాలంటే ఆ పూల మీద తేనెటీగలు వాలాలి.

కుడితే ముల్లు చర్మంలో మిగిలిందేమో చూసి వెంటనే గోటితో గీకి తీసేయండి. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఒకేసారి చాలా ఈగలు కుట్టినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఉచ్చు కట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ముందు ఒక్క నిమిషం ఆగి, వచ్చింది ఏ ఈగో చూడండి.