మంచుకా, పువ్వులకా?

ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచుమీద జారే స్కీయింగు, పూలలోయ నేషనల్ పార్కు రెండూ ఒకే ప్రయాణంలో చూడాలని మన సంఘంలోని ఒక కుటుంబం మమ్మల్ని సలహా అడిగింది. కుదరదన్నాము. ఔలీలో మంచు జనవరి, ఫిబ్రవరిలలో; పూలలోయ తెరిచేది జూన్ 1 నుండి అక్టోబరు 31 వరకే. జూలై, ఆగస్టులలో పువ్వులు విరివిగా పూస్తాయి, కొండచరియలూ అప్పుడే విరిగిపడతాయి. రెంటికీ దారి జోషీమఠ్ మీదుగానే. 2023 జనవరిలో అక్కడ నేల కుంగి ఇళ్లు బీటలువారాయి.

నానమ్మగారు అంత దూరం నడవలేరు గనుక ఔలీయే మేలన్నాము. ఆమె ఒప్పుకోలేదు. 1939లో ఆ లోయలో మొక్కలు సేకరిస్తూ జారిపడి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి రాతిమీద 121వ కీర్తన మాటలున్నాయని ప్రసంగంలో చెప్పింది మేమే. అది చూడాలట! ఘంగరియా వరకు గుర్రాలున్నాయి, లోయలోనికి వాటిని పోనివ్వరు. వానలు తగ్గే సెప్టెంబరులో వెళ్లమన్నాము. నానమ్మగారు ఇప్పటినుండే రోజూ సాయంకాలం చెరువుగట్టుమీద నడుస్తున్నారు.