పొగమంచులో వేగమెందుకు?
సామర్లకోటలో మంచు గడ్డకట్టదు గానీ, ధనుర్మాసపు తెల్లవారుజామున రాజానగరం వైపు వెళ్లే ఏడీబీ రోడ్డును కమ్మే పొగమంచు ప్రాణాలు తీయడానికి చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముప్ఫై మీటర్లే కనిపిస్తుంటే, కాలు బ్రేకు మీద పడేసరికే సగం దూరం అయిపోతుంది. హైబీమ్ వేస్తే మరీ చేటు. నీటి తుంపరలు ఆ వెలుగును తిరిగి కళ్లలోకే కొడతాయి. వేళకు చేరకపోతే కిరాయి పోతుందంటారు లారీవాళ్లు. నిజమే. కానీ ప్రాణం పోతే కిరాయి ఎందుకు? బండి ఆపినా జాగ్రత్త కావాలి. టెయిల్ లైటు వెలగని, రేడియం స్టిక్కరు ఊడిన బండిని రోడ్డు వారన నిలిపి నిద్రపోతే, వెనకొచ్చే బైకువాడికి అది గోడే. అలాగని తప్పంతా డ్రైవర్లదే అనలేం. తెల్లగీతలు చెరిగిన చోట సంక్రాంతి రద్దీకి ముందే అధికారులు వేయించాలి, ఆగిన లారీలను తీయించాలి.