కీబోర్డు పలకని రెస్క్యూ డిస్కు

2025 అక్టోబర్ 14న విండోస్ 11కి వచ్చిన నెలవారీ అప్‌డేట్ వేసుకున్నవాళ్లకి పైకి ఏ తేడా కనిపించలేదు. ఏదో చెడి రికవరీ తెరలోకి వెళ్లాల్సి వచ్చినవాళ్లకే సంగతి తెలిసింది. తెర మీద ‘ట్రబుల్‌షూట్’ అని ఉంది, నొక్కుదామంటే యూఎస్‌బీ కీబోర్డు పలకదు, మౌసు కదలదు. మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకుని అక్టోబర్ 20న మరో అప్‌డేట్‌తో సరిచేసింది. సిస్టమ్ ఆన్ అవుతున్నవాళ్లకి అది అందింది. అసలు ఆన్ కానివాళ్లకి అందేదెలా? టచ్ స్క్రీన్ ఉంటే వాడుకోండి, గుండ్రటి పిన్నున్న పాత పీఎస్/2 కీబోర్డు ఉంటే పెట్టుకోండి, ముందే చేసిపెట్టుకున్న రికవరీ డ్రైవు ఉంటే దాంతో బూట్ చేయండి అన్నారు. ఈ మూడూ లేని ఇళ్లే మన దగ్గర ఎక్కువ.

దీన్ని చిన్న పొరపాటుగా తీసిపారేయలేను. రోజూ వాడే భాగం ఒక పూట ఆగితే ఓర్చుకుంటాం. ఆపదలో తప్ప తెరవని భాగం మాత్రం ఆపదలో పనిచేసి తీరాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ ఫైలు ఒకటి ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజది. చాలాచోట్ల మనిషి ఒక్కో యంత్రం ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కొట్టాలి. ఆ రోజు కీబోర్డులు పనిచేశాయి కాబట్టి గట్టెక్కాం.

చాలామందిని తికమక పెట్టేది ఇంకొకటుంది. బయోస్‌లో కీబోర్డు బాగానే ఉంటుంది. బూట్ మెనూలో రెస్క్యూ డిస్కుగా చేసుకున్న పెన్‌డ్రైవును ఎంచుకోవడానికీ పనికొస్తుంది. రెస్క్యూ తెర రాగానే మూగబోతుంది. కీబోర్డు పోయిందనుకుని కొత్తది కొనుక్కొస్తారు, అదీ అంతే. అప్పటిదాకా కీబోర్డును నడిపింది మదర్‌బోర్డులోని బయోస్. పెన్‌డ్రైవులోని చిన్న సిస్టమ్ పగ్గాలు అందుకున్నాక ఆ పని దానిదే. యూఎస్‌బీ కంట్రోలర్‌కి తగిన డ్రైవరు అందులో లేకపోతే కీబోర్డుకి కరెంటు అందుతుంది, నొక్కిన మీట మాత్రం సిస్టమ్‌కి చేరదు.

మన ఊళ్ల డీటీపీ సెంటర్లకి ఈ బాధ పాతదే. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ 7ని వదలలేనివాళ్లు చాలామంది. 2009లో వచ్చిన ఆ విండోస్ డిస్కులో యూఎస్‌బీ 3.0 డ్రైవరు లేదు. అయినా కొన్నేళ్లపాటు నీలం (3.0) పోర్టులోంచి పీకి నల్ల (2.0) పోర్టులో పెడితే పని జరిగిపోయేది. 2015లో స్కైలేక్ ప్రాసెసర్లతో వచ్చిన చిప్‌సెట్లలో ఇంటెల్ పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్లను తీసేసింది. రంగు ఏదైనా పోర్టులన్నీ కొత్త కంట్రోలర్ మీదికే వచ్చాయి. దాంతో ఇన్‌స్టాల్ మొదటి తెర దగ్గరే కీబోర్డు, మౌసు రెండూ ఆగిపోయేవి. డ్రైవర్లను ఆ డిస్కులోకి ఎక్కించే సాధనాలను చివరికి మదర్‌బోర్డు కంపెనీలే ఇవ్వాల్సి వచ్చింది. లినక్స్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవరు 2009లోనే చేరింది. అందుకే విండోస్ తరహా రెస్క్యూ డిస్కు మొండికేస్తే లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి అంటాను. ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్న మాటకి అంత త్వరగా తలూపకండి.

రెస్క్యూ తెర దగ్గర కీబోర్డు పలకకపోతే మొదట క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి. లైటు మారితే కీబోర్డు మాట సిస్టమ్‌కి చేరుతున్నట్టే, తప్పు మరెక్కడో ఉంది. మారకపోతే హబ్ తీసేసి, సీపీయూ వెనక పోర్టులో నేరుగా పెట్టి, మళ్లీ మొదటినుంచి బూట్ చేయండి. బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆపి, లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్లూటూత్ కీబోర్డు మీద ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కూడా తరచూ పలకదు. చాలా మోడళ్లలో దానికి యూఎస్‌బీతో సంబంధం లేదు, విడిగా డ్రైవరు కావాలి. వైరున్న మామూలు మౌసు పెడితే పని జరిగిపోవచ్చు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల మీద నాకున్న ఫిర్యాదు ఇదే. రెస్క్యూ డిస్కు తయారైంది అని పచ్చటి గుర్తు చూపించి ఊరుకుంటాయి. దాంతో ఒకసారి బూట్ చేసి, ఒక అక్షరం కొట్టి చూసేదాకా ఆ గుర్తు చూపించకూడదు. అవి అడగకపోయినా మనం చేయొచ్చు. సిస్టమ్ బాగున్న రోజునే పెన్‌డ్రైవుతో బూట్ చేసి, మీటలు నొక్కి, మౌసు కదిపి, దేన్నీ రిస్టోర్ చేయకుండా బయటికొచ్చేయండి. మదర్‌బోర్డు మార్చినా, విండోస్ కొత్త వెర్షన్‌కి వెళ్లినా ఆ డిస్కును మళ్లీ చేసుకుని, మళ్లీ చూసుకోవాలి. డెస్క్‌టాప్ కొనేవాళ్లు వెనక పీఎస్/2 పోర్టు ఉన్న బోర్డు అడగండి. ఇప్పటికీ చాలా బోర్డుల మీద వస్తోంది.