ఎనిమిది వస్తే మొద్దు అయిపోతాడా?

పిల్లలూ!

మీలో కొందరి సంచుల్లోంచి తెలుగు పుస్తకంతో పాటు ఇరవై ముఖాల పాచిక కూడా బయటపడటం నేను చూశాను. కాబట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో కథ నడిపే ఆట. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఆ పాత్ర గోడ ఎక్కగలిగిందా, దొంగని పట్టుకోగలిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటను తీసుకొచ్చారు.

ప్రతి పాత్రకీ ఆరు గుణాలు ఉంటాయి. ఒక్కో గుణానికి ఒక స్కోరు. ఆ స్కోరును మనం ఎలా అర్థం చేసుకోవాలి అన్నదే ఈ పాఠం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. తెలివి దగ్గర 8 ఉందని ఆ పాత్రను మొద్దులా ఆడటం తప్పు. లెక్క ప్రకారం తప్పు. ఇంకో రకంగా కూడా తప్పు. రెండూ చెప్తాను, వినండి.

ఆ శనివారం

నేను అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా అక్క కొడుకు మీలాగే ఇక్కడే పుట్టాడు. శనివారం సాయంత్రం వాడి స్నేహితులు అక్క వాళ్ళింట్లో చేరి ఆడుకుంటారు. అందరూ తెలుగు పిల్లలే. ఒకరోజు పునుగులు వేసి, వేడివేడిగా పెడదామని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

అప్పుడే ఒక అబ్బాయి తన పాత్రను పరిచయం చేస్తున్నాడు. హాఫ్ ఆర్క్ జాతి యోధుడు. బలం 17, తెలివి 8. "వీడు కొంచెం మొద్దు. కాబట్టి ఇలా మాట్లాడతాడు" అని గొంతు మార్చాడు. ఆ గొంతు అచ్చం ఊరి నుంచి వచ్చిన తాతయ్య ఇంగ్లీషు మాట్లాడినట్టు ఉంది. ప్రతి 'ట' గట్టిగా, ప్రతి 'ర' తిరగేసి. నా ఇంగ్లీషు కూడా అలాగే ఉంటుంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ అబ్బాయి మంచివాడు. నన్ను ఏమీ అనలేదు. నేను అక్కడ ఉన్నానని చూశాడో లేదో కూడా తెలియదు. కానీ తెలివి తక్కువ అని చూపించాలి అనుకోగానే వాడికి మొదట తట్టింది మన యాసే. అది నాకు గుచ్చుకుంది.

రాత్రి మావాణ్ణి అడిగాను. "ఒరేయ్, ఆ ఎనిమిది అంటే ఏమిట్రా?"

"తెలివి తక్కువ అని, పిన్నీ."

"ఎంత తక్కువ?"

వాడు కాస్త ఆలోచించి "మైనస్ ఒకటి" అన్నాడు.

"దేంట్లోంచి ఒకటి?"

అప్పుడు వెళ్ళి రూల్స్ పుస్తకం తెచ్చాడు. ఇద్దరం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాం. ఇక్కడికి రాకముందు నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అంకె కనిపిస్తే తేల్చకుండా వదలను.

ముందు లెక్క

మొదట్లో ఈ ఆటలో ఒక్కో గుణానికి మూడు మామూలు పాచికలు వేసి, వచ్చినవి కూడేవారు. అన్నిటికన్నా తక్కువ 3, అన్నిటికన్నా ఎక్కువ 18. మూడు పాచికలు మొత్తం 6 × 6 × 6, అంటే 216 రకాలుగా పడొచ్చు. వాటిలో 18 ఒక్కసారే వస్తుంది, మూడూ ఆర్లే పడాలి. 10 మాత్రం 27 రకాలుగా వస్తుంది. 11 కూడా 27 రకాలుగా వస్తుంది. అందుకే ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు.

మరి 8 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఎన్ని రకాలుగా వస్తాయి? మేం ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. 56. అంటే 216లో నాలుగో వంతు కన్నా కొంచెం ఎక్కువే. మీ క్లాసులో ఇరవై మంది ఉంటే, ఈ లెక్కన అయిదుగురు అక్కడే ఉంటారు. ఆ అయిదుగురూ మాట సరిగ్గా రాని మొద్దులా? కాదు కదా. పక్క బెంచీలో కూర్చునే మామూలు పిల్లలు.

ఇప్పుడు చాలామంది ఇంకో పద్ధతిలో చేస్తారు. 15, 14, 13, 12, 10, 8 అనే ఆరు అంకెలు తీసుకుని, ఏది ఏ గుణానికో తామే పెట్టుకుంటారు. ఈ పద్ధతిలో ప్రతి పాత్రా ఆ 8ని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాల్సిందే. తప్పించుకునే దారి లేదు.

ఇక ఆటలో ఆ 8 ఏం చేస్తుందో చూద్దాం. నేను చెప్పేవి 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ రూల్స్. స్కోరు 10 గానీ 11 గానీ ఉంటే పాచిక మీద పడిన అంకెకి ఏమీ కలపరు. 8 గానీ 9 గానీ ఉంటే 1 తీసేస్తారు. 18 ఉంటే 4 కలుపుతారు.

రాతి మీద పాత రాజముద్ర ఒకటి ఉందనుకోండి. అది ఏ రాజుదో గుర్తుకు తెచ్చుకోవాలంటే 15 రావాలి. ఇరవై ముఖాల పాచిక వేశారు.

తెలివి 10 ఉన్న పాత్రకి 15 నుంచి 20 దాకా ఏది పడినా చాలు. ఇరవైలో 6 అవకాశాలు.

తెలివి 8 ఉన్న పాత్రకి 16 నుంచి 20 దాకా పడాలి. ఇరవైలో 5 అవకాశాలు.

తెలివి 18 ఉన్న మాంత్రికుడికి 11 నుంచి 20 దాకా ఏది పడినా సరే. ఇరవైలో 10.

చూశారా? మామూలు మనిషికీ, మనం మొద్దు అన్నవాడికీ ఇరవైసార్లలో తేడా ఒక్కసారి. ఆ గొప్ప మాంత్రికుడు కూడా సగం సార్లు బుర్ర గోక్కుంటాడు. ఇరవైలో ఒక్కసారి తేడాకి నోరు వంకర తిప్పి మాట్లాడాలా?

ఇంకో రూలు ఉంది. ఒక విషయం ప్రత్యేకంగా నేర్చుకున్న పాత్రకి మొదటి లెవెల్లోనే 2 కలుస్తుంది. మన యోధుడు చరిత్ర నేర్చుకున్నాడనుకోండి. మైనస్ 1, ప్లస్ 2. మొత్తం ప్లస్ 1. తెలివి 12 ఉండి చరిత్ర నేర్చుకోని వాడికి కూడా ప్లస్ 1. అంటే ఆ రాజముద్ర దగ్గర నేర్చుకున్న 8, నేర్చుకోని 12 సరిసమానం! ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన రూలు ఇదే. టీచర్‌ని కదా మరి.

తెలివి వేరు, ఇంగితం వేరు

ఆ ఆరు గుణాలనీ తెలుగులో చెప్పుకుందాం. బలం, చురుకుదనం, తట్టుకునే శక్తి, తెలివి, ఇంగితం, పదిమందినీ తనవైపు తిప్పుకునే గుణం. మూడోదాన్ని ఇంగ్లీషులో కాన్‌స్టిట్యూషన్ అంటారు. నాకు తెలిసిన కాన్‌స్టిట్యూషన్ రాజ్యాంగం ఒక్కటే. "యోధుడికి రాజ్యాంగం ఎందుకురా?" అని అడిగితే మావాడు అరగంట నవ్వాడు.

వీటిలో తెలివికీ ఇంగితానికీ తేడా బాగా తెలుసుకోవాలి. ఆటలో తెలివి అంటే జ్ఞాపకం, తర్కం, పుస్తకాల చదువు. ఇంగితం అంటే చుట్టూ ఏం జరుగుతోందో గమనించడం, ఎదుటివాడి మనసు పసిగట్టడం. మన పెద్దవాళ్ళు "ఆమాత్రం ఇంగితం ఉండక్కర్లేదా?" అని కసురుతారు చూడండి, అదే ఇది.

పంచతంత్రంలో నలుగురు స్నేహితుల కథ మీరు వినే ఉంటారు. ముగ్గురు బాగా చదువుకున్నవాళ్ళు. నాలుగోవాడికి చదువు లేదు. అడవిలో వాళ్ళకి సింహం ఎముకలు కనిపిస్తాయి. ఒకడు ఎముకలు పేరుస్తాడు, ఇంకొకడు మాంసం, చర్మం తెప్పిస్తాడు, మూడోవాడు ప్రాణం పోయబోతాడు. నాలుగోవాడు వద్దంటాడు. వాళ్ళు వినకపోయేసరికి చెట్టెక్కి కూర్చుంటాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఆ ముగ్గురికీ క్యారెక్టర్ షీట్ రాస్తే తెలివి 18, ఇంగితం 6. నాలుగోవాడికి తెలివి 8, ఇంగితం 15. చివరికి ఇంటికి చేరింది ఎవరు?

ఆ అబ్బాయి షీట్ కూడా మావాడు నాకు చూపించాడు. యోధుడి ఇంగితం 14! అబద్ధం పసిగట్టాల్సిన చోట ఆటలో చూసేది ఇంగితాన్నే, తెలివిని కాదు. అంటే ఆ బల్ల దగ్గర దొంగ మాటలు అందరికన్నా బాగా పట్టుకోగలిగింది వాడు మొద్దు అనుకున్న పాత్రే కావచ్చు.

భాష ఏ గడిలో ఉంది?

ఇప్పుడు రెండో తప్పు సంగతి. మీ షీట్ తీసి చూడండి. ఆరు స్కోర్లు ఒకచోట ఉంటాయి. పాత్రకి వచ్చిన భాషలు రాసే గడి ఇంకోచోట ఉంటుంది. ఎప్పుడూ ఇలా లేదు. 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో, తెలివి స్కోరును బట్టి పాత్ర అదనంగా ఎన్ని భాషలు నేర్వగలదో చెప్పే పట్టిక ఉండేది. 2014 పుస్తకంలో ఆ ముడి లేదు. పాత్ర ఏ జాతిలో పుట్టింది, ఎలాంటి నేపథ్యంలో పెరిగింది అన్నదాన్ని బట్టి భాషలు వస్తాయి.

ఆ పుస్తకం ప్రకారం హాఫ్ ఆర్క్ పాత్రకి రెండు భాషలు వచ్చు. ఒకటి ఆర్క్ భాష, రెండోది అందరూ మాట్లాడే కామన్. తెలివి 8 అయినా రెండు, 18 అయినా రెండు. వాడి కామన్‌లో యాస వినిపిస్తే దానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. వాడికి ఇంకో భాష కూడా వచ్చు కాబట్టి.

"మరి సరదా ఎక్కడుంది, పిన్నీ?"

మావాడు ఇలాగే అడిగాడు. "అందరూ మామూలుగా ఉంటే ఇంక నటించడం ఎందుకు? లోపం ఉంటేనేగా నవ్వొచ్చేది?"

ఆ మాట నిజమే. లోపం లేని పాత్ర ఉప్పు లేని పప్పు. నేను లోపం వద్దనడం లేదు. ఏ లోపం ఉందో అదే ఆడమంటున్నాను. తెలివి 8 అంటే జ్ఞాపకం కాస్త తక్కువ. అయితే పేర్లు మర్చిపోనివ్వండి. రాజుగారి పేరు మూడుసార్లు తప్పు చెప్పనివ్వండి. పొడుపుకథ అడిగితే మొదట వచ్చిన జవాబే గట్టిగా చెప్పనివ్వండి. నవ్వడానికి ఇవి చాలవా? యాసే కావాలంటే తెలివి 18 ఉన్న మాంత్రికుడికి పెట్టి చూడండి. బల్ల దగ్గర ఎవరైనా నవ్వుతారా? నవ్వకపోతే, ముందు ఎందుకు నవ్వారో ఆలోచించండి.

తర్వాతి శనివారం మావాడు ఆ అబ్బాయితో ఒక్క మాటే అన్నాడట. "నీ వాడికి ఇంగితం 14 ఉంది, చూసుకున్నావా?" ఆ రోజు కథలో సత్రం యజమాని అబద్ధం చెబుతుంటే పట్టుకున్నది ఆ యోధుడే. అబ్బాయి గొంతు మార్చలేదు. అందరూ ఎప్పటిలాగే నవ్వుకున్నారు, పునుగులు కూడా అయిపోయాయి.

మీకూ తెలిసిన సంగతే

నేను ఇక్కడ కౌంటర్ దగ్గర ఏదైనా అడిగితే, కొందరు గట్టిగా, ఒక్కో మాటా విడదీసి జవాబు చెబుతారు. నాకు చెవుడు లేదు. నేను నోరు తెరవగానే వాళ్ళు నాకో స్కోరు వేసేశారన్నమాట. పాచిక కూడా వెయ్యకుండా!

మీకు ఇలా జరగలేదా? సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు "నాన్న వచ్చింది" అంటే చుట్టాలంతా నవ్వలేదా? అప్పుడు మీకు మంట పుట్టలేదా? ఆ ఒక్క 'వచ్చింది' వల్ల మీ తెలివి ఏమైనా తగ్గిందా? మీకు లెక్కలు వచ్చు, బొమ్మలు వచ్చు, రెండో భాష వచ్చు. నవ్విన వాళ్ళకి అవేవీ కనబడలేదు. మీకు అలా అనిపించిన రోజు గుర్తుంటే, బల్ల దగ్గర ఏం చెయ్యాలో నేను చెప్పక్కర్లేదు.

ఆట ఆడండి. బాగా ఆడండి. ఎనిమిది వచ్చిన చోట ఎనిమిదే ఆడండి. అందులోకి అమ్మమ్మ మాటని, తాతయ్య మాటని లాక్కురాకండి.

ఇప్పుడు మీ వంతు

1. మీ పాత్రకి ఉన్న ఆరు స్కోర్లు రాయండి. ఒక్కో అంకె పక్కన ఒక తెలుగు వాక్యం రాయండి. "మొద్దు", "సూపర్" లాంటి మాటలు వాడకుండా, ఆ పాత్ర ఏం చేస్తుందో చెప్పండి. ఉదాహరణ: తెలివి 8 – దారి గుర్తుంటుంది కానీ ఊళ్ళ పేర్లు గుర్తుండవు.

2. స్కోరు 14 అయితే పాచిక అంకెకి 2 కలుపుతారు. 15 రావాలంటే ఇరవైలో ఎన్ని అవకాశాలు? లెక్క చేసి, తెలుగు అంకెల పేర్లతో పైకి చెప్పండి.

3. తెలివి ఎక్కువ, ఇంగితం తక్కువ ఉన్న మనిషి గురించి మీ అమ్మమ్మనో తాతయ్యనో ఒక కథ చెప్పమనండి. దాన్ని అయిదు వాక్యాల్లో రాయండి.

4. నా అభిప్రాయం మీకు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి. తప్పులు వస్తాయేమో అని భయపడకండి. తప్పులకి ఈ క్లాసులో స్కోరు లేదు.