ఎల్‌కేజీ దగ్గరే ఓడిపోతున్న బడి

సంక్రాంతి దాటిందో లేదో మండల కేంద్రంలో కరెంటు స్తంభాలకు ఫ్లెక్సీలు వేలాడతాయి: ‘ఎల్‌కేజీ, యూకేజీ అడ్మిషన్లు జరుగుచున్నవి’. ఎండలు ముదిరేలోపు ఆ ప్రైవేటు బడుల టీచర్లు ఊళ్లోకొచ్చి, ఏ ఇంట్లో మూడేళ్ల పిల్లలున్నారో పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుపోతారు. సర్కారు బడి టీచర్లు బడిబాట పేరుతో అదే వీధికి వచ్చేది జూన్‌లో. వాళ్ల కరపత్రంలో ఉచిత పుస్తకాలుంటాయి, యూనిఫారం ఉంటుంది, సన్నబియ్యం భోజనం, గుడ్డు కూడా ఉంటాయి. తల్లి మర్యాదగానే వింటుంది. విని, “మావాడికి యూకేజీ కూడా అయిపోయింది సార్, ఇప్పుడెక్కడ మారుస్తాం” అంటుంది. ఆ మాటకు ఏ టీచరు దగ్గరా జవాబు లేదు.

సర్కారు బడా, ప్రైవేటా అన్న చర్చను మనమెప్పుడూ ఒకటో తరగతి దగ్గర మొదలుపెడతాం. ఇంట్లో మాత్రం ఆ నిర్ణయం బిడ్డకు మూడో ఏట జరిగిపోతోంది. ఐదేళ్లు నిండితే గానీ చాలా సర్కారు బడులు చేర్చుకోవు. అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. నిజమే. కానీ గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్లు పంచడం, పిల్లల తూకాలు, సర్వేలు, యాప్‌లు అన్నీ ఒక టీచరు, ఒక ఆయా మీద నడిచే కేంద్రమది. ఊరు దాన్ని బడిగా లెక్కగట్టదు. పొద్దున్నే పనికెళ్లే తల్లికి ఎనిమిదిన్నరకు పిల్లను ఎక్కించుకుని సాయంత్రం దించే పసుపు వ్యాను కనిపిస్తుంది. ఒకసారి ఆ వ్యానెక్కిన పిల్ల రెండేళ్ల తర్వాత ఊరి బడికి నడిచి వస్తే, “ఏం, ఫీజు కట్టలేకపోయారా” అని పక్కింటివాళ్లు అడుగుతారు. అప్పు చేసైనా ఆ ప్రశ్నను తప్పించుకోవాలనుకునే ఇళ్లే మన ఊళ్లలో ఎక్కువ.

తెలంగాణ 2025-26 నుంచి కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలుపెట్టింది. ఆలస్యమైనా సరైన చోట వేసిన అడుగది. ఆ తరగతులు ప్రతి ఊరికీ చేరేదాకా బడిబాట జూన్‌లో వచ్చి వెళ్లే ఊరేగింపుగానే మిగులుతుంది.

తల్లిదండ్రులకు ఇంగ్లిషు మోజని తిట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇంగ్లిషు మీడియం కోసం ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో జీవో 81 ఇచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అయినా ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు అచ్చేసిన పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. తెలంగాణలోనూ 2022-23 నుంచి సర్కారు బడిలో ఇంగ్లిషు మీడియం ఉంది. ఇంగ్లిషే కారణమైతే పసుపు వ్యాన్లు ఈపాటికి సగం ఆగిపోవాలి. ఆగలేదు.

అసలు లోటు టీచర్ల లెక్కలో ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు. కాగితం మీద ముప్పై మందికి ఒకరు, ముచ్చటైన నిష్పత్తి. కానీ ఆ ఇద్దరూ చెప్పాల్సింది ఐదు తరగతులకు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే 18కీ ఒక్కరే.

పోయిన ఏడాది అలాంటి బడిలో ఒక పూట కూర్చున్నాను. రెండో టీచరు మండలంలో మీటింగుకు వెళ్లారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో మూడు గోడల వైపు తిరిగి కూర్చున్నాయి. టీచరమ్మ నాలుగో తరగతికి భాగహారాలు బోర్డు మీద వేసి, ఐదో తరగతిని పాఠం చదువుకోమని, మూడో తరగతి పిల్లల పక్కన నేల మీద కూర్చుంది. ఒక పేరా అయిందో లేదో ఫోను మోగింది. హాజరు వివరాలు ఇంకా అప్‌లోడ్ కాలేదట. వరండాలో ఐదో తరగతి అమ్మాయి ఒకటో తరగతి వాళ్లకు పలకల మీద గుణింతాలు దిద్దిస్తోంది. బాగానే దిద్దిస్తోంది కూడా. డీఎస్సీలో వేలమందితో పోటీపడి గెలిచిన టీచరు ఆవిడ. చుట్టుపక్కల కాన్వెంటుల్లో అంత చదువు, అంత శిక్షణ ఉన్నవాళ్లు అరుదు. ఆ కాన్వెంటుల్లో చాలావాటి టీచర్లకు తాపీ మేస్త్రీ సంపాదనలో సగం జీతం రాదు, ఏడాది తిరక్కుండా మారిపోతుంటారు. అయినా అక్కడ తరగతికొక మనిషి నిలబడి ఉంటుంది. తల్లి చూసేది అదే. ఆమె లెక్క తప్పని నేననలేను.

గురుకులాల సంగతి చూడండి. ఊరి బడికి పంపని ఇళ్లవాళ్లే ఐదో తరగతి గురుకులం సీటుకు, ఆరో తరగతి నవోదయ సీటుకు పిల్లల చేత పరీక్షలు రాయిస్తారు. సీటొస్తే స్వీట్లు పంచుతారు. అవీ సర్కారువే. 1971లో పీవీ నరసింహారావు హయాంలో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులానికి ఇప్పటికీ ఉన్న పేరు ఎవరో ఫ్లెక్సీలు కడితే వచ్చింది కాదు. సర్కారు చదువంటే జనానికి చులకన లేదు. ఇద్దరు టీచర్ల బడంటే నమ్మకం లేదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ సంగతి తిరగేసి తెలిసొచ్చింది. 2022లో జీవో 117తో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. సబ్జెక్టు టీచరు దొరుకుతాడన్నారు గానీ, ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి అంతదూరం నడవాలన్నది మరిచారు. ఎలాగూ ఊరు దాటాల్సిందేగా అని కొందరు నేరుగా వ్యానే ఎక్కించారు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లంటున్నారు. ఈసారైనా పిల్లలు పెరిగేదాకా ఆగే ఓపిక ప్రభుత్వానికి ఉండాలి. ఇంకో పక్క ‘తల్లికి వందనం’ పథకం కింద ఇచ్చే 15 వేలలో చేతికొచ్చే 13 వేలు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తాయి. ఆ డబ్బు చాలా ఇళ్లలో ఫీజు కింద తిన్నగా కాన్వెంటుకే వెళుతుంది. పేదింటికి సాయం వద్దనను. కానీ ఇలా తన బడికి పోటీగా తానే ఫీజు కడుతున్నానని ప్రభుత్వానికి తెలిసుండాలి.

ఇక తల్లిదండ్రులకు. ప్రైవేటు బడిలో నీటుగా నిండిన నోటుపుస్తకం చూసి మురిసిపోకండి, అందులో సగం బోర్డు చూసి దించిందే. పిల్ల ఎప్పుడూ చూడని కథల పుస్తకం చేతికిచ్చి ఒక పేజీ చదివించండి. పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే చదివించి చూసేది రెండో తరగతి స్థాయి పాఠమే. ఐదో తరగతికొచ్చినా అది చదవలేని పిల్లలు రెండు రకాల బడుల్లోనూ ఉన్నారు.

అలాగే టర్మ్ ఫీజు కట్టేముందు ఊరి బడికి పనిదినాన పదకొండు గంటలప్పుడు వెళ్లండి. తరగతికో టీచరు కనిపిస్తే, నిర్మొహమాటంగా చెబుతున్నాను, పిల్లను అక్కడే చేర్చండి. కనిపించకపోతే చేర్చమని నేను చెప్పను. కానీ ఊరుకుని వెళ్లిపోకండి. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండాలని చట్టం. సర్పంచి, రేషన్ డీలరు, ఊళ్లో ఉండే టీచరు పిల్లలు వ్యానెక్కేశాక ఆ కమిటీలో మిగిలేది రోజుకూలి వదులుకుని మీటింగుకు రాలేనివాళ్లు. వాళ్ల తరఫున గ్రామసభలో లేచి అడగండి, ఎమ్మెల్యే ఊళ్లోకొచ్చినప్పుడు అడగండి: మా బడికి మూడో టీచరు ఎప్పుడొస్తారని.